ముందు కెర్నల్ మాట వినండి: లినక్స్‌లో డ్రైవర్ మాడ్యూళ్లు ఎక్కించడం, దించడం, కనిపెట్టుకోవడం

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఎవరికీ తీరిక ఉండదు. లారీలోంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దిగుతాయి, హమాలీలు కాటా మీద పెడతారు, కాటా డబ్బా నుంచి ఒక కేబుల్ కంప్యూటర్‌లోకి వెళ్తుంది, స్క్రీన్ మీద బరువు పడుతుంది, చీటీ వస్తుంది. ఆ కేబుల్ దగ్గర తేడా వచ్చిందంటే బయట లారీల వరస పెరిగిపోతుంది. అలాంటి ఒక చోటు నుంచి ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్ వచ్చింది.

"అన్నా, కాటా పలకట్లేదు. రాత్రంతా డ్రైవర్ ఎక్కిస్తూనే ఉన్నా. ఎక్కనంటోంది."

ఆ కుర్రాడు నెట్‌లో దొరికిన జిప్ ఫైలు దించుకుని, తెల్లవార్లూ కంపైల్ చేస్తూ కూర్చున్నాడు. అసలు డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, ఆ కంప్యూటర్‌లో మొదటి రోజు నుంచీ ఉంది, ఉబుంటు అనే లినక్స్‌తో పాటే వచ్చింది. కేబుల్ గుచ్చగానే ఎక్కింది కూడా. ఎక్కిన కాసేపటికే ఇంకో ప్రోగ్రాం వచ్చి ఆ పరికరాన్ని లాగేసుకుంది. ఈ కథంతా లినక్స్ గుండెకాయలాంటి కెర్నల్ రాసుకునే చిట్టాలో, అంటే కెర్నల్ లాగ్‌లో, ఐదు వరుసల్లో రాసి ఉంది. దాన్ని తెరిచి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేను అరండల్‌పేటలో కంప్యూటర్ల పని చూస్తుంటాను. లినక్స్ డ్రైవర్ల విషయంలో నా దగ్గరకు వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం ఇలాంటివే. డ్రైవర్ లేక వచ్చేవి తక్కువ. ఉన్న డ్రైవర్ ఎక్కడ ఆగిందో చూడక వచ్చేవి ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో కొత్త డ్రైవర్ పెట్టుకోవడం సగం తర్వాత గానీ రాదు. ముందు చూడటం నేర్చుకుందాం.

ఆదేశాలు చదివే పద్ధతి

కమాండ్లన్నీ మనం ఫోన్‌లో చెప్పుకునేటట్టు తెలుగులోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. 'మాడ్' అని కనిపించిన ప్రతి కమాండ్‌లోనూ ఎం, ఓ, డి అనే మూడక్షరాలే. కాబట్టి ఎల్ఎస్‌మాడ్ అంటే ఎల్, ఎస్ తర్వాత ఆ మూడు. ఇన్స్‌మాడ్‌కు ముందు ఐ, ఎన్, ఎస్. ఆర్ఎంమాడ్‌కు ముందు ఆర్, ఎం. డెప్‌మాడ్‌కు ముందు డి, ఈ, పి. మాడ్‌ప్రోబ్, మాడ్‌ఇన్ఫో అంటే 'మాడ్' తర్వాత ఇంగ్లిష్‌లో ప్రోబ్, ఇన్ఫో. లాగ్ చూపే కమాండ్‌ను నోటితో డీమెసేజ్ అంటాం గానీ, కొట్టాల్సింది డి, ఎం, ఈ, ఎస్, జి. ఇక్కడి ఉదాహరణలు ఉబుంటువి, చాలావరకు డెబియన్‌కూ సరిపోతాయి. ఫెడోరా, ఆర్చ్‌లలో తేడా ఉన్న చోట ఆపి చెబుతాను.

మాడ్యూల్ అంటే ఏమిటి

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. తొలి యూనిక్స్ యంత్రాల్లో కొత్త పరికరం పెడితే కెర్నల్‌ను మళ్లీ కట్టి, యంత్రాన్ని ఆపి తిప్పాల్సి వచ్చేది. 1991లో మొదలైన లినక్స్ కూడా ఒకే ముద్దలాంటి కెర్నలే. కాకపోతే నడుస్తున్న కెర్నల్‌లోకి ముక్కలు చేర్చి, పని అయ్యాక తీసేసే వీలు దానికి ఉంది. ఆ ముక్కే మాడ్యూల్. కోల్డ్ స్టోరేజీలో గుమస్తా ఏడాది పొడవునా ఉంటాడు, హమాలీలు సరుకు వచ్చినప్పుడు వస్తారు. మాడ్యూళ్లు హమాలీల లాంటివి. ఒక్క తేడా ఉంది. లోపలికి వచ్చిన మాడ్యూల్‌కు బీరువా తాళాలతో సహా అన్నీ ఇచ్చేస్తాం. దానికీ మిగతా కెర్నల్‌కూ మధ్య గోడ ఉండదు. అందులో తప్పుంటే మొత్తం కంప్యూటర్ ఆగిపోతుంది. ఎవరో పెట్టిన లింకులోంచి మాడ్యూల్ తెచ్చి ఎక్కించడానికి నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

మాడ్యూల్ ఫైళ్ల చివర డాట్ కేఓ ఉంటుంది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఈ పేరు మొదలైంది. ఇప్పటి పంపిణీల్లో స్థలం కలిసొచ్చేలా కుదించి పెడతారు కాబట్టి కేఓ తర్వాత జెడ్ఎస్‌టీ అనో ఎక్స్‌జెడ్ అనో ఉంటే కంగారు పడకండి. ఇవన్నీ ఉండే చోటు:

/లిబ్/మాడ్యూల్స్/కెర్నల్-వెర్షన్/

దారిలో వెర్షన్ ఉందని గమనించండి. ప్రతి కెర్నల్‌కూ దాని మాడ్యూళ్లు వేరు. ఈ ఒక్క ముక్క మనసులో ఉంటే కింద వచ్చే సగం ఎర్రర్లు అర్థమైపోతాయి.

మొదటి అడుగు: నడుస్తున్న కెర్నల్ ఏది

యూనేమ్ -ఆర్

ఇది చూపే వెర్షన్ పేరుతోనే పైన చెప్పిన ఫోల్డర్ ఉండాలి. అప్‌డేట్ వచ్చి కొత్త కెర్నల్ దిగి, మీరు ఇంకా రీస్టార్ట్ చేయకపోతే, నడిచేది పాతది. ఆర్చ్‌లో పాత ఫోల్డర్ కూడా తీసేస్తుంది కాబట్టి ఏ పెన్‌డ్రైవో పెడితే మాడ్యూల్ దొరకలేదని అంటుంది. రీస్టార్ట్ చేస్తే సరి.

రెండో అడుగు: పరికరం కనబడుతోందా

యూఎస్‌బీ వాటికి ఎల్ఎస్‌యూఎస్‌బీ. లోపల బిగించిన కార్డులకు:

ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే

ఈ రెండోది ప్రతి కార్డు కింద ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో, ఏ మాడ్యూళ్లు పట్టుకోగలవో కూడా రాసి చూపిస్తుంది. మా కాటా కేబుల్ విషయంలో ఎల్ఎస్‌యూఎస్‌బీలో 1ఎ86:7523 అన్న నంబరు కనిపించింది. ముందుది చిప్ తయారీదారు నంబరు, వెనకది ఆ చిప్ నంబరు. మార్కెట్లో దొరికే చవక యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లలో తరచూ కనిపించే సీహెచ్340 చిప్ అది. కేబుల్ మీద ఏ కంపెనీ పేరు వేసినా, కెర్నల్ చూసేది ఈ నంబరునే. మీరు నెట్‌లో వెతకాల్సింది కూడా ఈ నంబరుతోనే.

నంబరే కనిపించకపోతే డ్రైవర్ గురించి ఆలోచించడం దండగ. కేబుల్, పోర్ట్, హబ్, కరెంటు చూడండి.

మూడో అడుగు: కెర్నల్ ఏమంటోంది

ఈ వ్యాసంలో ఒక్క కమాండే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి:

సుడో డీమెసేజ్ -డబ్ల్యూ

ముందున్న సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని. ఇది కొట్టి, స్క్రీన్ అలా వదిలేసి, అప్పుడు కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. కొత్త వరుసలు మీ కళ్లముందే పడతాయి. ఫోన్‌లో ఆ కుర్రాడి చేత నేను చేయించిందీ ఇదే. వరుసలు ఇలా వచ్చాయి, సారాంశం నా మాటల్లో: కొత్త యూఎస్‌బీ పరికరం దొరికింది. సీహెచ్341 (సీహెచ్340 చిప్‌ను నడిపే డ్రైవర్ పేరు ఇదే) మార్పిడి పరికరాన్ని గుర్తించాను. దాన్ని టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టుకు తగిలించాను. ఆ తర్వాత వరుసలో, సీహెచ్341 పట్టుకుని ఉన్న పరికరాన్ని బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం మార్చబోతోంది. ఆఖరున, టీటీవైయూఎస్‌బీ0 నుంచి విడిపోయింది.

చూశారుగా, దొంగ పేరుతో సహా చెప్పింది. బీఆర్ఎల్‌టీటీవై అనేది చూపులేని వారు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రాం. చాలా మంచి పని చేస్తుంది. కానీ ఒక బ్రెయిలీ పరికరంలోనూ ఇదే 1ఎ86:7523 నంబరు ఉండటంతో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో ఈ చిప్ ఉన్న ప్రతి కేబుల్‌నూ బ్రెయిలీ పరికరమే అనుకుని తీసేసుకునేది. డ్రైవర్‌ను పదిసార్లు కంపైల్ చేసినా ఇది తెమలదు.

ఆ ప్రోగ్రాం తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీ వాడే వారెవరూ ముట్టుకోరని ఖాయంగా తెలిస్తే తీసేయవచ్చు. పరికరం గుచ్చగానే ఏం చేయాలో యూడెవ్ అనే ప్రోగ్రాం నియమాల ఫైళ్లు చూసి నిర్ణయిస్తుంది. బీఆర్ఎల్‌టీటీవైని ఉంచి, ఆ ఒక్క నియమాన్ని ఆపడమే నాకు నచ్చిన దారి. /యూఎస్ఆర్/లిబ్/యూడెవ్/రూల్స్.డి/ ఫోల్డర్‌లో 85-బీఆర్ఎల్‌టీటీవై.రూల్స్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని అదే పేరుతో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి/ లోకి కాపీ చేసి, కాపీలో 7523 ఉన్న నియమం వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. ఈటీసీలో ఉన్నదానిదే పైమాట, పైగా ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినా మీ మార్పు చెరగదు. తర్వాత:

సుడో యూడెవ్ఎడిఎం కంట్రోల్ --రీలోడ్

కేబుల్ పీకి పెట్టాం. బరువు పడింది. ఫోన్‌లో వెనక నుంచి హమాలీల కేకలు వినిపించాయి.

నిన్న ఆగిపోయిన కంప్యూటర్‌లో, ఆగేముందు కెర్నల్ ఏమందో కావాలంటే జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1 అని కొట్టండి. ఇంతకు ముందు బూట్ తాలూకు కెర్నల్ లాగ్ వస్తుంది.

నాలుగో అడుగు: ఎక్కినవి చూడటం

ఎల్ఎస్‌మాడ్ కొడితే మూడు నిలువు వరుసలు వస్తాయి: మాడ్యూల్ పేరు, సైజు, ఎందరు వాడుతున్నారు. కాటా కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో సీహెచ్341 ఒక వరుసలో ఉంటుంది, యూఎస్‌బీసీరియల్ ఇంకో వరుసలో ఉండి దాని పక్కన సీహెచ్341 పేరు కనిపిస్తుంది. అంటే సీహెచ్341 యూఎస్‌బీసీరియల్ మీద ఆధారపడింది. కాటా సాఫ్ట్‌వేర్ పోర్ట్ తెరిచినప్పుడు సీహెచ్341 ఎదురుగా ఉన్న 0 కాస్తా 1 అవుతుంది. సాఫ్ట్‌వేర్ మూసి, తెరిచి, రెండుసార్లూ ఎల్ఎస్‌మాడ్ కొట్టి చూడండి. ఆ అంకె మారడం కళ్లారా చూస్తే, మాడ్యూల్ వాడుకలో ఉంది అనే ఎర్రర్ ఎందుకొస్తుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

మాడ్‌ఇన్ఫో సీహెచ్341 కొడితే ఫైలు ఎక్కడుందో, లైసెన్సు ఏమిటో, దేని మీద ఆధారపడిందో, ఏ కెర్నల్‌కు కట్టిందో వస్తాయి. ఇందులో ఏలియాస్ అనే వరుసలు ముఖ్యం. వి1ఎ86 పి7523 అని ఒక వరుస కనిపిస్తుంది. కేబుల్ పెట్టగానే మాడ్యూల్ దానంతట అది ఎక్కే కిటుకు ఇక్కడే ఉంది. పరికరం తన నంబరు చెబుతుంది, యూడెవ్ మాడ్యూల్స్.ఏలియాస్ అనే పట్టికలో ఆ నంబరు ఏ మాడ్యూల్‌దో వెతికి ఎక్కిస్తుంది. పట్టికలో లేని నంబరు పెడితే ఏమీ ఎక్కదు. అది లోపం కాదు, పరిచయం లేకపోవడం. చిప్ నిజంగా అదే కుటుంబమని మీకు తెలిస్తే ఆ కొత్త నంబరును /సిస్/బస్/యూఎస్‌బీ-సీరియల్/డ్రైవర్స్/సీహెచ్341-యూఏఆర్‌టీ/ కింద న్యూ_ఐడీ అన్న ఫైల్లో రాసి పరిచయం చేయవచ్చు. రీస్టార్ట్ అయ్యే దాకా గుర్తుంటుంది.

ఎక్కించడం, దించడం

సుడో మాడ్‌ప్రోబ్ సీహెచ్341

సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ సీహెచ్341

మొదటిది ఎక్కిస్తుంది, రెండోది దించుతుంది. ఎక్కించేటప్పుడు మాడ్‌ప్రోబ్ ముందు మాడ్యూల్స్.డెప్ అనే ఫైలు చూసి, యూఎస్‌బీసీరియల్ కావాలని తెలుసుకుని, దాన్ని ఎక్కించి, తర్వాత సీహెచ్341ను ఎక్కిస్తుంది. ఇన్స్‌మాడ్‌కు ఈ తెలివి లేదు. మీరిచ్చిన ఫైలును ఇచ్చినట్టే తోస్తుంది. యూఎస్‌బీసీరియల్ లేకుండా సీహెచ్341ను ఇన్స్‌మాడ్‌తో తోస్తే తెలియని సింబల్ అని తిరగ్గొడుతుంది. దించడానికి ఆర్ఎంమాడ్ కూడా అలాంటిదే. రోజూ వాడుకకు మాడ్‌ప్రోబ్ చాలు. ఇన్స్‌మాడ్ మీరు అప్పుడే కంపైల్ చేసిన ఫైలును పరీక్షించడానికి మాత్రమే.

ఎక్కించకుండా ఏం చేయబోతోందో చూడాలంటే మాడ్‌ప్రోబ్ -ఎన్ -వి పెట్టి పేరివ్వండి. ఏదైనా కొత్త మాడ్యూల్ ముట్టుకునే ముందు నేను ఇది తప్పకుండా కొడతాను.

వాడుకలో ఉంది, దించనని అంటే, ఎవరు వాడుతున్నారో ఎల్ఎస్ఓఎఫ్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 చెబుతుంది. ఇక్కడ టీటీవై, యూఎస్‌బీలలో యూఎస్‌బీ పెద్ద అక్షరాలు. ఆ ప్రోగ్రాం మూసి మళ్లీ ప్రయత్నించండి. ఆర్ఎంమాడ్‌కు -ఎఫ్ పెట్టి బలవంతంగా లాగొద్దు. వాడుతున్న నిచ్చెన కింద నుంచి లాగినట్టే.

డ్రైవర్ ఎక్కినా సాఫ్ట్‌వేర్ అనుమతి లేదంటే, తప్పు మాడ్యూల్‌ది కాదు. సీరియల్ పోర్టులు డయల్అవుట్ అనే గ్రూపు వాళ్లవి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయల్అవుట్ $యూజర్

ఇందులో జీ, చివర డాలర్ గుర్తు పక్కనున్న యూజర్ పెద్ద అక్షరాలు. ఒకసారి లాగౌట్ అయి రండి.

రెండు కాటాలు ఉన్న చోట ఇంకో చిక్కు. రెండు కేబుళ్లూ సీహెచ్340లే అయితే ఏది 0, ఏది 1 అనేది గుచ్చిన వరసను బట్టి మారిపోతుంది. ఈ చిప్‌లకు సాధారణంగా విడి సీరియల్ నంబరు ఉండదు కాబట్టి వాటిని పేరుతో వేరు చేయలేం. /డెవ్/సీరియల్/బై-పాత్/ ఫోల్డర్‌లో యూఎస్‌బీ పోర్టు స్థానాన్ని బట్టి పేర్లుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు ఇచ్చి, ఏ కేబుల్ ఏ పోర్టుకో స్కెచ్ పెన్‌తో డబ్బా మీదే రాసేయండి. తేజ రకం మిర్చి బరువు ఒక రైతు ఖాతాలో పడాల్సింది ఇంకొకరి ఖాతాలో పడితే ఆ గొడవ తీర్చడం చాలా కష్టం.

రీస్టార్ట్ తర్వాత కూడా నిలవాలంటే

మాడ్‌ప్రోబ్‌తో ఎక్కించింది రీస్టార్ట్‌తో పోతుంది. పరికరం ఉంటే దానంతట అదే ఎక్కుతుంది కాబట్టి మామూలుగా మీరేమీ చేయక్కర్లేదు. నంబరుతో పిలిచే పరికరం లేని మాడ్యూళ్లకు మాత్రం /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి/ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, వరుసకు ఒక పేరు రాయండి. ఫైలు పేరు చివర డాట్ కాన్ఫ్ ఉండి తీరాలి, లేకపోతే దాన్ని ఎవరూ చదవరు.

మాడ్యూల్ ప్రవర్తన మార్చే సెట్టింగులు /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డి/ లో ఉంటాయి. ఇక్కడా డాట్ కాన్ఫ్ తప్పనిసరి. ఉదాహరణకు కొన్ని ల్యాప్‌టాప్‌లలో పాట ఆగి మొదలైనప్పుడల్లా స్పీకర్ టక్‌మంటుంది. సౌండ్ చిప్ కరెంటు ఆదాకు నిద్రపోయి లేవడం వల్ల వచ్చే చప్పుడది. ఒక ఫైల్లో ఈ వరుస రాస్తే పోతుంది:

ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0

ఏ మాడ్యూల్‌కు ఏ సెట్టింగులున్నాయో మాడ్‌ఇన్ఫో -పీ చెబుతుంది. ఇప్పుడు నిజంగా ఏ విలువ నడుస్తోందో /సిస్/మాడ్యూల్/పేరు/పారామీటర్స్/ కింద ఫైళ్లలో ఉంటుంది. రాశాం కదా అని వదిలేయకుండా అక్కడికి వెళ్లి చూడండి. కొన్ని డ్రైవర్లు మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి. ఉబుంటులో యూఎస్‌బీకోర్ అలాంటిది. వాటికి ఈ ఫైలు పనిచేయదు. బూట్ మెనూ చూపే గ్రబ్‌లో కెర్నల్ వరుస చివర యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్=-1 అన్నట్టు చుక్క పెట్టి ఇవ్వాలి.

ఒక మాడ్యూల్ ఎక్కకూడదనుకుంటే బ్లాక్‌లిస్ట్ అని రాసి పక్కన పేరు రాస్తారు. దీని పరిధి తెలుసుకోండి. పరికరం నంబరు చూసి దానంతట అది ఎక్కడాన్ని మాత్రమే ఇది ఆపుతుంది. ఇంకో మాడ్యూల్ దాన్ని రమ్మన్నా, మీరే మాడ్‌ప్రోబ్ కొట్టినా ఎక్కేస్తుంది. గట్టిగా మూసేయాలంటే:

ఇన్‌స్టాల్ పేరు /బిన్/ఫాల్స్

అప్పుడు ఎవరు పిలిచినా ఫాల్స్ నడిచి ఊరుకుంటుంది.

ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. బూట్ అయ్యేటప్పుడు అసలు డిస్క్ తెరవకముందే కెర్నల్ ఒక చిన్న మూట విప్పుకుంటుంది, దాన్ని ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్ అంటారు. గ్రాఫిక్స్, డిస్క్ డ్రైవర్లు ఆ మూటలోంచే ఎక్కొచ్చు. మీరు ఈటీసీలో రాసిన బ్లాక్‌లిస్ట్ ఆ మూటలోకి చేరకపోతే రాయనట్టే. కాబట్టి మాడ్‌ప్రోబ్.డి ముట్టుకున్న ప్రతిసారీ ఉబుంటులో:

సుడో అప్‌డేట్-ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్ -యూ

ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ తర్వాత పెద్ద పీ.

బయటి డ్రైవర్ తప్పనప్పుడు

విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మా బంధువుల అబ్బాయి బీసెంట్ రోడ్డులో ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాడు. నెట్‌లో చూసి డ్రైవర్ కంపైల్ చేసుకున్నాడు, పనిచేసింది. రెండు వారాలకు అప్‌డేట్ వచ్చింది, వైఫై పోయింది. మళ్లీ కంపైల్ చేశాడు, మళ్లీ అప్‌డేట్, మళ్లీ పోయింది. "బాబాయ్, ప్రతిసారీ ఇదే టెన్షన్" అని ఫోన్ చేశాడు.

నేను ముందు అడిగింది డాంగిల్ చిప్ నంబరు, కెర్నల్ వెర్షన్. అతని చిప్ రియల్‌టెక్ 8822బీయూ. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి దీని డ్రైవర్ లినక్స్‌లోనే ఉంది. అతని కంప్యూటర్‌లో కెర్నల్ 6.2 దాకా రాకపోవడం వల్ల బయటిది అవసరమైంది. కాబట్టి బయటి కోడ్ వెతికే ముందు, కొత్త కెర్నల్‌కు మారితే సరిపోతుందేమో చూడండి. లినక్స్‌లోకి చేరిన డ్రైవర్‌ను వేల కళ్లు చూస్తుంటాయి, ప్రతి కెర్నల్‌తోనూ దానంతట అది కుదురుతుంది. డ్రైవర్ ఉబుంటులోనే ఉన్నా లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే విడి ప్యాకేజీలో ఉండిపోవచ్చు, అదీ చూసుకోండి.

అయినా బయటిదే కావాల్సి వస్తే ఇలా. వైఫై లేకుండా ప్యాకేజీలు దించేదెలా అంటే, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. దానికి కావాల్సిన ఆర్‌ఎన్‌డీఐఎస్_హోస్ట్ లాంటి మాడ్యూళ్లు కెర్నల్‌తోనే వస్తాయి. తర్వాత:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ డీకేఎంఎస్ లినక్స్-హెడర్స్-$(యూనేమ్ -ఆర్)

హెడర్స్ అంటే కెర్నల్ లోపలి అమరిక వివరాలు. మాడ్యూల్‌ను వాటికి సరిపోయేలా కడతారు. ఈ కమాండ్ ఇవాళ నడిచే కెర్నల్‌కు మాత్రమే హెడర్స్ తెస్తుంది. రేపటి కెర్నల్‌తో పాటు దాని హెడర్స్ కూడా రావాలంటే లినక్స్-హెడర్స్-జెనరిక్ అనే ప్యాకేజీ కూడా ఉండాలి. 22.04లో కొత్త కెర్నల్ వరస వాడేవారికి దాని పేరు చివర హెచ్‌డబ్ల్యూఈ-22.04 అని ఉంటుంది. మా అబ్బాయికి వైఫై ఊరికే పోవడంలో ఈ లోటుకు కూడా పాలుంది.

కోడ్ ఉన్న ఫోల్డర్‌లో మేక్ కొడితే డాట్ కేఓ తయారవుతుంది. అది ఆ ఒక్క కెర్నల్‌కే. ప్రతి కొత్త కెర్నల్‌కూ దానంతట అది కట్టుకోవాలంటే డీకేఎంఎస్ కావాలి. 2003లో డెల్ కంపెనీ వాళ్లు తమ సర్వర్ల కోసం తయారుచేసిన పనిముట్టు ఇది. కోడ్‌ను /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ/పేరు-వెర్షన్/ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. లోపల డీకేఎంఎస్.కాన్ఫ్ ఫైల్లో పేరు, వెర్షన్, తయారయ్యే మాడ్యూల్ పేరు, ఆటోఇన్‌స్టాల్=యస్ అన్న వరుస (ఇందులో ఆటోఇన్‌స్టాల్ పెద్ద అక్షరాలు) ఉండాలి. మంచి డ్రైవర్ కోడ్‌తో ఈ ఫైలు రెడీగానే వస్తుంది, రానిదాన్ని నేను అనుమానంగానే చూస్తాను. ఆ తర్వాత మూడు మెట్లు:

సుడో డీకేఎంఎస్ యాడ్ -ఎం పేరు -వి వెర్షన్

సుడో డీకేఎంఎస్ బిల్డ్ -ఎం పేరు -వి వెర్షన్

సుడో డీకేఎంఎస్ ఇన్‌స్టాల్ -ఎం పేరు -వి వెర్షన్

డీకేఎంఎస్ స్టేటస్ కొడితే ఏ కెర్నల్‌కు ఏది కట్టిందో చూపిస్తుంది. బిల్డ్ మెట్టులో తప్పితే కారణం /వార్/లిబ్/డీకేఎంఎస్/పేరు/వెర్షన్/బిల్డ్/మేక్.లాగ్ లో ఉంటుంది. అందులో మొదటి ఎర్రర్ చదవండి, ఆఖరిది కాదు. మిగతావన్నీ దాని వెనక పుట్టినవే. తీసేయాలంటే డీకేఎంఎస్ రిమూవ్ అని, పేరు-వెర్షన్లు ఇచ్చి, చివర --ఆల్ పెట్టాలి.

కెర్నల్ పెరిగి లోపలి డ్రైవర్ కూడా వచ్చాక రెండూ ఒకే డాంగిల్ కోసం పోటీపడతాయి. అప్పుడు బయటిదాన్ని డీకేఎంఎస్‌తో తీసేయండి. రెండింటినీ ఉంచి ఒకదాన్ని బ్లాక్‌లిస్ట్ చేయడం కుదురుతుంది గానీ, ఆర్నెల్ల తర్వాత ఆ ఫైలు సంగతి మీకే గుర్తుండదు.

సెక్యూర్ బూట్ అడ్డం పడితే

అన్నీ సరిగ్గా కట్టినా మాడ్‌ప్రోబ్ కొట్టగానే కీ తిరస్కరించాం అన్న మాట వస్తే, కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందన్న మాట. ఎంఓకేయూటిల్ --ఎస్‌బీ-స్టేట్ చెబుతుంది. అప్పుడు కెర్నల్ తనకు తెలిసిన సంతకం ఉన్న మాడ్యూళ్లనే రానిస్తుంది. బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయమని చెప్పేవాళ్లు ఎక్కువ. నేను చెప్పను. మన సంతకాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేయడం పది నిమిషాల పని. ఉబుంటులో డీకేఎంఎస్ వాడే కీ ఇక్కడ ఉంటుంది:

సుడో ఎంఓకేయూటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే/ఎంఓకే.డీఈఆర్

చివరి ఫైలు పేరులో ఎంఓకే పెద్ద అక్షరాలు. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఒక్కసారి వాడేదే, కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ వస్తుంది. ఏదో ఒక కీ నొక్కమని కొన్ని సెకన్లే ఆగుతుంది. టీ తాగడానికి లేచి వెళ్లారంటే అది దాటిపోయి, మళ్లీ ఇంపోర్ట్ నుంచి మొదలెట్టాలి. కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్. ఆ తర్వాత డీకేఎంఎస్ కట్టే ప్రతి మాడ్యూల్ మీదా ఆ సంతకమే పడుతుంది.

బయటి మాడ్యూల్ ఎక్కాక లాగ్‌లో కెర్నల్ టెయింట్ అయిందని వస్తుంది. చెడిపోయిందని కాదు. తేడా వస్తే బయటి కోడ్ కూడా లోపల ఉందని కెర్నల్ పెట్టుకున్న గుర్తు.

ఎర్రర్ మాటలు, వాటి అర్థాలు

ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అంటే ఒక కెర్నల్‌కు కట్టిన మాడ్యూల్‌ను ఇంకో కెర్నల్‌లోకి తోస్తున్నారు. మాడ్‌ఇన్ఫోలో వెర్‌మ్యాజిక్ వరుసనూ, యూనేమ్ -ఆర్ చెప్పిందాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫైలు చేత్తో కాపీ చేశాక మాడ్‌ప్రోబ్ దొరకలేదంటే సుడో డెప్‌మాడ్ -ఏ కొట్టండి, పట్టికలు తిరిగి రాస్తుంది. ఎక్కింది కానీ పరికరం పలకదంటే లాగ్‌లో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి. కొన్ని చిప్‌లకు డ్రైవర్ కాక విడిగా ఒక ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి, ఉబుంటులో అది లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో వస్తుంది.

ఒక మాడ్యూల్ వల్ల కంప్యూటర్ అసలు బూటే కాకపోతే ఫార్మాట్ చేయకండి. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. అదీ కుదరకపోతే గ్రబ్‌లో 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర మాడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్=పేరు అని చేర్చి, కంట్రోల్, ఎక్స్ నొక్కండి. ఆ ఒక్క బూట్‌కు మాత్రం అది ఎక్కకుండా వస్తుంది. లోపలికి వెళ్లాక తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

యూనిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ వాడేవారికి ఒక మాట. ఆలోచన ఇదే, పేర్లు వేరు. చూడటానికి కేఎల్‌డీస్టాట్, ఎక్కించడానికి కేఎల్‌డీలోడ్, దించడానికి కేఎల్‌డీఅన్‌లోడ్. ప్రతి బూట్‌లోనూ ఎక్కాలంటే /ఈటీసీ/ఆర్‌సీ.కాన్ఫ్ లో కేఎల్‌డీ_లిస్ట్ వరుసలో పేరు చేర్చాలి, లేదా /బూట్/లోడర్.కాన్ఫ్ లో రాయాలి.

ఆ కోల్డ్ స్టోరేజీలో సీజన్ మధ్యలో కెర్నల్ అప్‌డేట్లు ఆపి ఉంచమన్నాను. ఆప్ట్-మార్క్ హోల్డ్ అని కొట్టి లినక్స్-ఇమేజ్-జెనరిక్, లినక్స్-హెడర్స్-జెనరిక్ పేర్లిస్తే ఆగుతాయి. యార్డుకు వేసవి సెలవులు రాగానే అన్‌హోల్డ్ చేసి, అప్‌డేట్ చేసి, రెండు కాటాల మీదా తలా ఒక టిక్కీ పెట్టించి చూస్తాం. ఆఫీసు రిజిస్టర్ ఆఖరి పేజీలో ఆ కుర్రాడు కేబుల్ నంబరు 1ఎ86:7523 అని, అప్పటి కెర్నల్ వెర్షన్, ఈటీసీలో తాను మార్చిన ఫైలు పేరు, మార్చిన తేదీ రాసి పెట్టాడు. ఈసారి ఫోన్ వస్తే ముందు ఆ పేజీ తెరవమంటాను.